కొట్టింది ఐదుగురం, పడినవి ఆరు దెబ్బలు

నగరిలో నేను పనిచేసే మరమగ్గాల షెడ్డు వెనకే శ్మశానం. పదిహేనేళ్ళుగా అక్కడ రాత్రి షిఫ్టులు చేస్తున్నాను, ఒక్కనాడూ ఒళ్ళు జలదరించలేదు. దయ్యమంటే వణికేవాళ్ళని పట్టుకుని ఏడిపించేవాణ్ణి. అలాంటివాణ్ణి ఇది రాయాల్సి వచ్చిందంటే నాకే సిగ్గుగా ఉంది. ఎవరినీ నమ్మించాలని కాదు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మేం ఆరుగురం. ఐదుగురం మగ్గం పనివాళ్ళం, ఆరోవాడు మా అక్క మొగుడు మునిరత్నం బావ. ఏటా వానలు తగ్గాక బైకుల మీద తడ దాకా పోయి, అడవిలో జలపాతం ఎక్కి రావడం మా అలవాటు. దానికి కొన్ని రూల్స్ పెట్టుకున్నాం. చెప్పుల్లేకుండా నడవాలి. పెళ్ళాం ఫోన్ చేస్తే ఎత్తకూడదు. దెబ్బ తగిలి ఎవడైనా 'అమ్మా' అన్నాడంటే, వాణ్ణి బండకు ఆనించి నిలబెట్టి, మిగతావాళ్ళు అరచేత్తో వీపు మీద తలా ఒక దెబ్బ వేయాలి.

ఈ చివరి రూలు పెట్టింది నేనే. మగాడన్నాక ఆ మాత్రం ఓర్చుకోలేడా అని గొప్పగా చెప్పేవాణ్ణి. నవ్వుకుంటూనే కొట్టుకునేవాళ్ళం గానీ, వీపులు కమిలిపోయి రెండ్రోజులు వెల్లకిలా పడుకోలేకపోయేవాళ్ళం.

పోయినేడు వెళ్ళినప్పుడు బావ దారి పొడుగునా నన్ను ఏడిపించాడు. నాకు పెళ్ళై ఆరేళ్ళు, పిల్లల్లేరు. దాని మీద అనకూడని మాటలు అందరి ముందూ అన్నాడు. వాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. లోపల కుతకుత ఉడికిపోయాను.

పదకొండు గంటలప్పుడు, చొక్కాలు విప్పేసి వాగు దాటుతుంటే, పాచి మీద బావ కాలు జారింది. మోకాలు రాతికి కొట్టుకుని చర్మం లేచిపోయింది. 'అమ్మా' అన్నాడు. అందరికంటే ముందు నేనే అరిచాను, రూలు రూలే అని.

నా పక్క మగ్గం నడిపే శేఖర్ అడ్డొచ్చాడు. "వద్దులేప్పా, ఆ కాలు సూడు, నెత్తురు కారతా ఉండాది."

వాణ్ణి ఆడంగివాడా అని తిట్టి నోరు మూయించాను. బావకు రోషం వచ్చింది. కుంటుకుంటూ పోయి, తనే బండకు రొమ్ము ఆనించి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

నలుగురూ మామూలుగా కొట్టారు. ఐదోది నాది. నిజం చెప్పాలి కదా, నేను అరచేత్తో కొట్టలేదు. పిడికిలి బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గుద్దాను. గుద్దాక హాయిగా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

చెయ్యి దించి రెండడుగులు వెనక్కి వచ్చేశాను. అప్పుడు పడింది ఇంకో దెబ్బ. ఆ చప్పుడు ఐదుగురమూ విన్నాం. ఎవరో ముందు నుంచి కొట్టినట్టు బావ వెనక్కి ఎగిరి నా మీద పడ్డాడు. ఇద్దరం వాగులో పడ్డాం. ఆయన నోట్లోంచి రక్తం నా భుజం మీద పడింది, వెచ్చగా ఉంది.

పట్టపగలు, మంచి ఎండ. బండకూ ఆయన రొమ్ముకూ మధ్య చెయ్యి దూరే సందు కూడా లేదు.

ఎడమ రొమ్ము మీద ఐదు వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. శేఖర్ ఒక్కొక్కరి చెయ్యీ పక్కన పెట్టి చూశాడు. మా అందరి వేళ్ళకంటే అవి పొడుగు. బావను తిప్పి వీపు చూశాం. నాలుగు అరచేతుల గుర్తులు ఉన్నాయి. నా పిడికిలి గుర్తు లేదు.

భుజాల మీద మోసుకుని దిగి ఆస్పత్రిలో చేర్చాం. ముందువైపు మూడు పక్కటెముకలు విరిగి, ఒకటి ఊపిరితిత్తిలో గుచ్చుకుందన్నారు. బతుకుతాడో లేదో రెండు రోజులు చెప్పలేదు. బండకు గుద్దుకుని విరిగాయేమోనని డాక్టర్‌ను అడిగాను. మరి వేళ్ళ అచ్చు ఎట్లా పడిందని ఆయన నన్నే అడిగాడు.

మూడో రోజు బావ కళ్ళు తెరిచాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"మీరు ఐదుగురూ కొట్టింది నాకు తెలుసు. ముందర నుంచి కొట్టినోడు ఎవుర్రా?"

దుప్పటి సర్ది లేచాను. బయటికి వస్తే వరండాలో అక్క నిలబడి ఉంది. మూడు రోజులుగా అన్నం తినలేదు, ముఖం పీక్కుపోయింది. ఎవరో కొట్టిన దెబ్బేనని డాక్టర్ చెప్పాడట.

"మీ బావను సంపాలని సూసింది ఎవుర్రా?"

"నేనే అక్కా," అన్నాను.

అక్క నన్ను దాటుకుని బావ దగ్గరికి వెళ్ళిపోయింది. బావ కోలుకుని ఇంటికొచ్చాడు గానీ, ఆ రోజు నుంచి అక్క మా గడప తొక్కలేదు. చెయ్యని తప్పు నెత్తిన ఎందుకు వేసుకున్నావని శేఖర్ ఇప్పటికీ తిడతాడు. ఆ దెబ్బ ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు. కానీ నేనే అని అక్కకు చెప్పినప్పుడు, అబద్ధం చెబుతున్నానని మాత్రం నాకు అనిపించలేదు.