అట్టపెట్టెల ఇంగ్లిష్

ఇంటికి పార్సిల్ వచ్చినప్పుడల్లా లోపలి వస్తువు కంటే ముందు అట్టపెట్టెను ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఉడికిన గంజి, ఎండుగడ్డి, సిరా కలిసిన ఆ వాసన తగిలితే చాలు, నాచారంలో మా రేకుల ఇల్లు, ముసురు పట్టిన ఆషాఢం, నూనె ఓడే మక్క గారెలను అట్టముక్క మీద పరిచి "సల్లారనియ్యే, నాలుక గాలుతది" అని నా చేతి మీద ఒక్కటేసే మా నాయనమ్మ, అన్నీ కట్టగట్టుకుని వచ్చేస్తాయి. ఇంగ్లిష్ మాటలు పెంచుకోవడం ఎలా అని పోచారంలోని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఫోన్‌లో రోజుకు పది మాటలు మాత్రల్లా మింగే రకం వాళ్లు. నేను అట్టపెట్టెలు చదివి నేర్చుకున్నానంటే నవ్వుతారు. నవ్వనీ.

మా బాపు అట్టపెట్టెల కంపెనీలో పనిచేసేవాడు. రంగు పక్కకు జరిగి అచ్చు పాడైన అట్టలను అక్కడ పారేస్తుంటే, అడిగి సైకిల్ వెనక కట్టుకుని తెచ్చేవాడు. వాటిని వాన కారే చోట కప్పేవాళ్లం, వాటితో ఇళ్లు కట్టి ఆడుకునేవాళ్లం, బతుకమ్మ ముందు రోజు గునుగు, తంగేడు పూలు వాటి మీదే ఆరబోసేవాళ్లం, ఇంకా మిగిలితే నా పుస్తకాలకు అట్టలు. వాటి మీది మాటలు నేను పైకి చదువుతుంటే, బియ్యంలో రాళ్లు ఏరుతూ నాయనమ్మ ఊరుకునేది కాదు. ఆమెకు ఏ భాషలోనూ అక్షరం రాదు. "ఒప్పజెప్పుడు గాదు బిడ్డా, గా మాట మనింట్ల యాడుందో సూపియ్యి" అనేది. ఫ్రజైల్ అంటే ఆమె కళ్లద్దాలు చూపించాను. పెరిషబుల్ అంటే తోటకూర కట్ట, కీప్ డ్రై అంటే వాకిట్లో ఎండే మిరపకాయలు. హ్యాండిల్ విత్ కేర్ అంటే నువ్వేనని చెప్తే, "నాకే పేర్లు వెడ్తున్నవా" అని పడీ పడీ నవ్వింది.

ఆరో తరగతిలో ఇంగ్లిష్ మేడమ్ పద్ధతి వేరు. డిక్షనరీ మొదటి పేజీ నుంచి రోజుకు ఇరవై మాటలు రాయించేది, మర్నాడు చేతులు కట్టుకుని గడగడా అప్పజెప్పాలి. మిగతావాళ్లు మధ్యాహ్నానికి మర్చిపోయేవాళ్లు, నేను పొద్దున్నే మర్చిపోయేదాన్ని. ఒకరోజు నా పుస్తకం ఎత్తి క్లాసంతటికీ చూపించి, "చెత్త డబ్బాల మీద ఇంగ్లిష్ నేర్చుకుంటావా? రేపు బ్రౌన్ పేపర్ వేసుకుని, ఇంట్లోవాళ్లను తీసుకుని రా. లిస్టు రాకపోతే తెలుగు మీడియంలోకి పంపిస్తాను" అంది. నాకు ఒళ్లు మండింది. బాపు తెచ్చిన అట్ట మార్చేది లేదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. కానీ నా బిడ్డ ఇంగ్లిష్ మీడియం అని కంపెనీలో కనబడినవాళ్లందరికీ చెప్పుకునే బాపు మొహం గుర్తొచ్చి, ఆ రాత్రి లిస్టు ముందేసుకుని కూర్చున్నాను.

బాపుకు పొద్దుటి షిఫ్టు, కాబట్టి నాయనమ్మ వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని, "అడుగుండ్రి మేడమ్, మా పొల్లకు రాదంటున్నరు గదా" అంది. మేడమ్ లిస్టులో మొదటి మాటే అడిగింది, అబాండన్. విడిచిపెట్టడం అని అర్థం చెప్పాను. "అయితే వాక్యం చెప్పు" అంది. అంతకుముందు మాలో ఎవరినీ వాక్యం అడగలేదు. ఆ మాట మా ఇంట్లో ఎక్కడుందా అని వెతికితే నాకు ఒక్క చోటే దొరికింది. కంపెనీలు వచ్చినప్పుడు పోయిన మా పొలం, కంపెనీ గోడకు అవతల ఉండిపోయిన మోటబావి. ప్రతి దసరాకూ నాయనమ్మ గోడకు ఇవతలే నిలబడి ఆ బావి పేరున కొబ్బరికాయ కొట్టేది. "మై గ్రాండ్‌మదర్స్ వెల్ ఈజ్ అబాండన్డ్" అన్నాను.

మేడమ్ బాగుందన్నట్టు తలూపింది. నాయనమ్మ మాత్రం "ఏమన్నవే?" అంది.

"మన బాయిని ఇడిసిపెట్టినమని."

"ఎవలిడిసిపెట్టిన్రే? గుంజుకున్నరు. తప్పు మాట జెప్పకు, మల్ల జెప్పు."

మేడమ్ ఒప్పుకున్న వాక్యాన్ని అక్షరం ముక్క రాని మనిషి కొట్టేసింది. నేను మళ్లీ వెతుక్కుని "దే టుక్ ఇట్" అన్నాను. మూడే మాటలు, మూడూ పసిపిల్లలకు వచ్చేవే. తెలుగులో చెప్తే నాయనమ్మ "గది, గిప్పుడు సరిగ్గ జెప్పినవ్" అంది. మేడమ్ పుస్తకం నా చేతిలో పెట్టి, వెళ్లి కూర్చోమంది. అట్ట సంగతి గానీ, తెలుగు మీడియం సంగతి గానీ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు. బాపు సైకిల్ లేదు, నాయనమ్మ లేదు, ఆమె కొబ్బరికాయ కొట్టిన గోడ కూడా లేదు. మా పొలం ఉన్న ఆ చోట అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. మొన్న అవి కట్టేవాళ్ల ప్రకటన కాగితం ఒకటి మా గేట్లో పడేసి పోయారు, నున్నటి కాగితం, మంచి ఇంగ్లిష్. విడిచిపెట్టేసిన నేలకు మేము ప్రాణం పోస్తున్నామని రాశారు. సరిగ్గా ఆ మాటే వాడారు, అబాండన్డ్. పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పైన టేకెన్ అని రాసి, నేరుగా వాళ్ల ఆఫీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. కుర్చీలో ఉన్న అమ్మాయి కంగారుగా "ఏంటి మేడమ్ ఇది?" అంది.

"తప్పు మాట జెప్పిన్రు బిడ్డా" అన్నాను. "మల్ల రాయమను."