ముప్పై కౌంటు రొయ్యలూ, ఏ గ్రేడు పిల్లలూ

ఆ రోజుల్లో మా వైపు పిల్లల్ని పేరు అడగడం కన్నా ముందు మార్కులు అడిగేవారు. విజయవాడ బస్సులో పక్క సీటు పెద్దమనిషి సైతం "ఏ ఊరమ్మా?" అనేలోపే "టెన్త్‌లో ఎంతొచ్చాయి?" అనేసేవాడు. ఐదొందలు దాటాయంటే నమ్మకంగా చేతిసంచీ మన ఒళ్ళో పెట్టి నిద్రపోయేవాడు, దాటలేదంటే కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. అలాంటి చోట, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పామర్రులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. మొదటి ఉద్యోగం. మా నాన్నది రొయ్యల వ్యాపారం. "ఈ ఏడాది చూస్తా. నిలబడ్డావా సరే, లేదంటే వచ్చి షెడ్డులో తూకం దగ్గర కూర్చో" అని ఆయన షరతు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ తూకం దగ్గరే, ఐసు నీళ్ళల్లో కాళ్ళు నానబెట్టుకుని గడిపినదాన్ని. మళ్ళీ అక్కడికి వెళ్ళడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

ఆ వేసవిలో మా కరస్పాండెంటు గారు ఏదో విద్యా సదస్సుకని ఢిల్లీ వెళ్ళారు. వెళ్ళినవారు ఊరికే రాకుండా గ్రేడింగు పద్ధతిని వెంటబెట్టుకొచ్చారు. "ర్యాంకులు పిల్లల ప్రాణాలు తోడేస్తున్నాయమ్మా! ఇక మార్కుల్లేవు, అక్షరాలే" అన్నారు. తొంభై దాటితే ఏ, డెబ్భై అయిదు దాటితే బి, యాభై దాటితే సి, ఆ కింద డి. ("యాభై ఆరు అక్షరాలున్న భాష మనది, నాలుగింటితో సరిపెట్టేస్తున్నారే" అని మా తెలుగు మాస్టారు ముక్కుపొడుం పీలుస్తూ బాధపడ్డారు.) నాకు మాత్రం ఆ పద్ధతి నిజంగానే నచ్చింది. అర మార్కు తగ్గిందని ఏడ్చే పిల్లల్ని చూసి నాకూ విసుగొచ్చేసింది.

క్వార్టర్లీ ప్రోగ్రెస్ కార్డులు ఇళ్ళకు చేరిన సాయంత్రమే గేటు దగ్గర గొడవ మొదలైంది. అందులో ముందున్నవారు ఇద్దరు రొయ్యల చెరువుల ఆసాములు, బావా బావమరుదులు. ఇద్దరి కొడుకులూ నా ఏడో తరగతిలోనే. ఒకసారి బావగారి అబ్బాయి ఫస్టు, ఇంకోసారి బావమరిది గారి అబ్బాయి ఫస్టు, తేడా ఎప్పుడూ ఒకటో అరో. ఎవరి వాడు గెలిస్తే వాళ్ళు అవతలి ఇంటికి పనిగట్టుకుని బందరు లడ్లు పంపేవారు. ఇప్పుడు ఇద్దరికీ ఏ వచ్చింది. లడ్లు ఎవరు ఎవరికి పంపాలి? బావగారికి ఒళ్ళు మండిపోయింది. "మావాడూ ఏ, వాళ్ళవాడూ ఏ అయితే ఇంక మేం చదివించడం దేనికండీ?" అని గేటు పట్టుకుని ఊపేశారు. వెనకనుంచి ఎవరో "విజయవాడ బడి బస్సు మా వీధిలోకే వస్తంది, అందులో ఎక్కించేస్తాం" అన్నారు.

ఆ మాటకి కరస్పాండెంటు గారి ముఖం పాలిపోయింది. నన్ను గదిలోకి పిలిచి, "శనివారం మీటింగు పెడదాం. లెక్కల టీచరువి, నువ్వే చెప్పి ఒప్పించమ్మా" అన్నారు. "ఒప్పుకోకపోతేనండీ?" అన్నాను. "పిల్లలు తగ్గితే టీచర్లని తగ్గించాలి. ముందు కొత్తవాళ్ళే కదా. ఏమీ అనుకోకు" అన్నారు ఎంతో ప్రేమగా. ఆలోచన ఆయనది, మెడ నాది!

శనివారం హాలు నిండిపోయింది. కరస్పాండెంటు గారు అందరికీ కనబడేలా ఫ్యాను కింద కూర్చుని, మాట మాత్రం నాకు అప్పగించారు. పుస్తకంలోంచి బట్టీ పట్టిన ఉపన్యాసం ఎత్తుకున్నాను. "సమగ్ర మూర్తిమత్వ వికాసం..." అనగానే ముందు వరుసలో ఒకాయన ఆవలించారు. బావగారు లేచారు. "అమ్మాయ్, ఆ వికాసం సంగతి తర్వాత. తొంభై ఒకటికీ తొంభై తొమ్మిదికీ ఒకే అక్షరమా? ఇదేం న్యాయం?" హాలంతా చప్పట్లు. నాకు షెడ్డులో ఐసు నీళ్ళు కళ్ళముందు కనబడ్డాయి. కనబడగానే ఎందుకో కోపం కూడా వచ్చింది. నాకు కోపమొస్తే పుస్తకాలు మరిచిపోయి మా నాన్న భాష వచ్చేస్తుంది.

"అయ్యా, మొన్న మీ చెరువు పట్టుబడికి ఎంత కౌంటు వచ్చింది?" అన్నాను.

ఆయన తెల్లబోయి, "ముప్పై" అన్నారు. (పట్టుబడి అంటే పెరిగిన రొయ్యల్ని చెరువులోంచి మొత్తంగా పట్టేయడం. ముప్పై అంటే కిలోకి ముప్పై రొయ్యలు తూగాయన్నమాట. కౌంటు ఎంత తగ్గితే రొయ్య అంత పెద్దది, రేటు అంత ఎక్కువ.)

"మీ బావమరిది గారికి?"

"ఆయనదీ ముప్పయ్యే."

"మరి కొనే కంపెనీవాళ్ళు రొయ్యరొయ్యనీ విడిగా తూచి, ఇది ఫస్టు, ఇది సెకండు అని ర్యాంకులిచ్చారా?"

"రొయ్యకి ర్యాంకేంటమ్మా, నీ పిచ్చి గానీ!" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నారు. హాలు ఒక్కసారి గొల్లుమంది. అందరికన్నా పెద్దగా నవ్వింది ఆయన బావమరిదే.

కానీ వ్యాపారస్థుడు ఊరికే వదులుతాడా? "బాగానే ఉంది. ముప్పై ఒకటి పడితే రేటు కోసేస్తారు గదా. మావాడికి ఎనభై తొమ్మిదొస్తే బి అనేస్తావా?" అన్నారు. గట్టి ప్రశ్నే. "అలా అంచు మీదుంటే మీరేం చేస్తారండీ?" అన్నాను. "ఇంకో శాంపిలు తియ్యమంటాం." "నేనూ అంతే. అంచు మీదున్న పిల్లలకి ఇంకో పరీక్ష పెడతాను, అప్పుడే అక్షరం వేస్తాను" అన్నాను. (కరస్పాండెంటు గారు ఉలిక్కిపడ్డారు. ఆ రూలు ఆయనకూ అప్పుడే తెలిసింది.) "గన్నవరంలో ఎనభైకే ఏ ఇస్తన్నారంట" అని మరొకరు అందుకున్నారు. "ఏ బడి తూకం ఆ బడిదండీ. అక్షరంతోపాటు, అది ఎంతనుంచి ఎంతవరకో కార్డు మీద అచ్చేయిద్దాం" అన్నాను. తలలు ఊగాయి. గెలిచేశాననుకున్నాను.

అప్పుడు వెనక వరుసలోంచి ఒకావిడ లేచింది. చేపల మార్కెట్టునుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపే ఉన్నాయి. "మా పిల్లకి డి ఏశారు టీచరమ్మా. అంటే మాది చిన్న రొయ్యనా? ఏరి అవతల పారేసేదా?" అంది. నవ్వులు ఆగిపోయాయి. నా రొయ్యల లెక్క ఇంత దూరం వస్తుందని నేను అనుకోలేదు. ఆ పిల్ల నాకు తెలుసు, భిన్నాలు రాక వేళ్ళు కొరుక్కుంటూ కూర్చునేది. వరుసల మధ్యనుంచి ఆవిడ దగ్గరకి నడిచాను. మాట దానంతటదే వచ్చింది.

"లేదమ్మా. కౌంటు కట్టేది పట్టుబడి అయ్యాక. ఇది మధ్యలో వల వేసి చూసుకోవడం, అంతే. మీ పిల్ల ఇంకా చెరువులోనే ఉంది. మేత వెయ్యాల్సింది నేను. పెరుగుద్ది."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని "అయితే ఆదివారమని చూడను, రేపట్నుంచే పంపిస్తా, మేతెయ్యండి" అంది. ముందుగా చప్పట్లు కొట్టింది బావగారే. గ్రేడులు నిలిచాయి, నా ఉద్యోగమూ నిలిచింది. ఆ రోజు నేను బడి మెట్లు దిగుతుంటే ఊరంతా నాదే అనిపించింది. (మెట్ల కింద బావగారు కాపు కాసి, "ఏమనుకోకమ్మా, మావాడికి ఎంతొచ్చాయో నా ఒక్కడికే చెవిలో చెప్పు" అన్నారు. గోడ పక్కన బావమరిది గారు తన వంతు కోసం నిలబడి ఉన్నారు. ఇద్దరికీ చెప్పలేదు.) నేను ఇంటికి చేరేసరికే కబురు షెడ్డుకి చేరిపోయింది. "తూకం దగ్గర కూర్చోనన్నావు, తూకాన్నే బడికి పట్టుకుపోయావు గదే!" అని నాన్న నవ్వారు. ఆ సాయంత్రం వచ్చిన ప్రతి బేరగాడికీ ఆ కథే చెప్పారు. సంవత్సరాంతానికి ఆ పిల్ల భిన్నాలు చేసింది, సి తెచ్చుకుంది. మా ఇంటికి లడ్లు వచ్చింది వాళ్ళింటినుంచే.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆమధ్య విజయవాడలో మా అమ్మాయి బడికి వెళ్ళాను. ఇప్పుడు అక్షరాలు కూడా పాతబడ్డాయి, పాయింట్లు వచ్చాయి. కార్డు చూశాను, తిప్పి చూశాను, మనసు ఊరుకోలేదు. కొత్తగా చేరిన చిన్న టీచరమ్మని వరండాలో ఒక పక్కకి పిలిచి, "ఏమనుకోకమ్మా, ఇది మార్కుల్లో అయితే ఎంతో నా ఒక్కదానికే..." అన్నాను. వెనకనుంచి మా అమ్మాయి నా కొంగు పట్టి లాగింది. ఈ కథ అన్నం ముద్దలతోపాటు వందసార్లు విన్న పిల్ల.

"అమ్మా, నేనింకా చెరువులోనే ఉన్నాను" అంది.

పామర్రు హాల్లో ఉపన్యాసం మరిచిపోయి కోపంగా నిలబడ్డ అప్పటి కొత్త టీచరు నాకు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చిన్న టీచరమ్మ కూడా నవ్వింది. మార్కులు మాత్రం చెప్పలేదు.