జనాభా సున్నా

అమెరికాలో, శాంటా క్లారాలోని ఓ మ్యాపుల కంపెనీలో తేజేశ్వర్ పని, తానెన్నడూ చూడని రష్యాలోని ఒక మారుమూల జిల్లా మ్యాపును కంప్యూటర్లో సరిదిద్దడం. దేశాలన్నీ తిరిగినా ఒక్క ఊరి మీదా మమకారం పుట్టనివాళ్లున్నారు. ఇతనికి కుర్చీలోనే పుట్టింది. అక్కడ ఏటా పంచాయతీలు కలిపేస్తుంటారు, ఇతను కాఫీ చల్లారబెట్టుకుని, గొణుక్కుంటూ సరిహద్దులు మళ్లీ గీస్తుంటాడు. మొన్న కొత్త లెక్కల్లో ఒక పల్లె జనాభా సున్నా అని వచ్చింది.

“జీరో అయితే డిలీట్ చేసేయ్ తేజా, రూల్ అదే కదా,” అంది మేనేజర్ అనురాధ.

“వాగుంది, రోడ్డుంది, శ్మశానం కూడా ఉంది. ఊరు లేదంటే ఎలాగండీ?”

“మనుషుల్లేరుగా! నీ చుట్టాలేమైనా ఉన్నారా అక్కడ?”

అతను విసురుగా సున్నా చెరిపి, ఒకటి కొట్టాడు.

“ఎవరయ్యా ఆ ఒక్కరు?”

“నేనే,” అన్నాడు, తలెత్తకుండా సేవ్ నొక్కుతూ.