లీటరుకు నలభై ఎనిమిది

కొత్త డీజిల్ ఎస్‌యూవీ కొన్నప్పుడు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తుందని షోరూమ్‌లో చెప్పారు. పది దాటితే మీసం తీసేస్తానని మా బావమరిది పందెం కాశాడు. అందుకే ఖమ్మంలో ట్యాంకు నిండా కొట్టించి, ఏసీ ఆపేసి, గాలికి బండి నెమ్మదిస్తుందేమోనని ఆ మండుటెండలో అద్దాలు కూడా ఎత్తేసి, ఒక్కడినే భద్రాచలం బయలుదేరాను.

పాల్వంచ దాటాక అడవిలో ముగ్గురు కోయ ఆడవాళ్లు ఇప్పపువ్వు మూటలతో రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. చెయ్యి కూడా ఎత్తలేదు. ఖాళీ బండిలో మనుషులు ఎక్కడం అక్కడ అడగాల్సిన విషయమే కాదు. మేకలు అడ్డొచ్చి నేను బండి ఆపగానే తలుపు తీసి, మూటలతో సహా ఎక్కేశారు. ఆ బరువుకు నా మైలేజీ గంగలో కలిసిందనుకున్నాను.

"గీ ఎండల అద్దాలెందుకేసినవ్ బిడ్డా?" అంది వాళ్లలో పెద్దావిడ. పందెం సంగతి చెప్పి, అద్దాలు దించాను.

భద్రాచలం వంతెన ముందున్న బంకులో మళ్లీ ట్యాంకు నింపించి లెక్క కట్టాను.

"ఎంతొచ్చింది?" అని పెద్దావిడ మూట దించుకుంటూ అడిగింది.

"పన్నెండు, అవ్వా. పందెం గెలిచినా, షోరూమ్ వాళ్లు చెప్పినంత రాలేదు."

"గదేం లెక్క? మా దిక్కు బండి ఎంతమందిని మోసిందన్నదే లెక్క. నలుగురం వచ్చినం. మనిషికి పన్నెండు కలుపు."

వాళ్లు ఎక్కింది నడిమధ్యలోనన్న మాట నేనెత్తలేదు. పక్కనే ఉన్న ఎస్‌టీడీ బూత్ నుంచి బావమరిదికి ఫోన్ చేశాను.

"నలభై ఎనిమిది. కత్తి నూరుకో."