కొత్త కంప్యూటర్‌కు పాత జోడు

తెలంగాణ వచ్చి మూడేళ్ళయిన ఆ రోజుల్లో మక్తల్‌లో నాకు తెలిసిన ముఖాలు రెండే. ఒకటి నేను పనిచేసే ఆన్‌లైన్ దుకాణం సేట్‌ది, రెండోది అద్దంలో నాది. (రెండోదాన్ని చూడటానికి అంత ఇష్టపడేవాణ్ణి కాదు.) చిట్యాల నుంచి కొలువని వచ్చి, ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దంతా జనం దరఖాస్తులు నింపేవాణ్ణి. ఆదివారం పలకరించే దిక్కు లేక, సోమవారం పొద్దున నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది.

నన్ను ఆదుకున్నది దుకాణంలోని పాత కంప్యూటర్. స్విచ్ వేస్తే గురగురమని, ఒకసారి ఆరిపోయి, మళ్ళీ మొదటికి వచ్చేది. అంతసేపూ వచ్చినవాళ్ళు స్టూలు మీద కూర్చుని, చాయ్ తాగుతూ, ఇంటి సంగతులన్నీ చెప్పేవారు. అందరిలోకీ గొర్ల తాత అంటే నాకు ప్రాణం. సర్కారు గొర్రెలిచ్చే పథకంలో తన పేరు వచ్చిందేమో చూడమని ప్రతి సంతనాడూ వచ్చేవాడు. తెర వెలిగేసరికి ఆయన చెప్పే కథలో గొర్రెల మంద కృష్ణా నది దాటి అవతలి గట్టెక్కేది. వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూసేవాణ్ణి.

ఒకనాడు సేట్ కొత్త కంప్యూటర్ తెచ్చి, పాతదాన్ని వెనక గదిలో పడేశాడు. ఆ సంతనాడు తాత స్టూలు లాక్కునేలోపే జవాబు తెర మీద ఉంది.

"ఇంకా రాలె తాతా."

"గట్లనా," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. చాయ్ చెప్పే సందు కూడా దొరకలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మరుసటి వారం సిగ్గు విడిచి తెర ఆర్పేసి కూర్చున్నాను. "కొత్తది గద తాతా, ఇంకా కుదురుకోలె. జర కూసో." తాత కూర్చున్నాడు. అలా మూడు సంతలు గడిచాయి. నాలుగో సంతనాడు కంప్యూటర్‌ను ముందూ వెనకా చూసి, నన్నూ ఎగాదిగా చూసి, వైద్యం చెప్పాడు.

"కొత్త గొర్రె మందలకొస్తె మేత ముట్టది బిడ్డా, ఒక్కతే దూరం నిలవడ్తది. పాత గొర్రె పక్కన కట్టేస్తె నాలుగు దినాలల్ల కలుస్తది. గా పాతదాన్ని తెచ్చి దీని పక్కన పెట్టు."

అబద్ధమాడినవాడికి వైద్యం తప్పుతుందా? బూజు పట్టిన ఆ డబ్బాను మోసుకొచ్చి కొత్తదాని పక్కన పెట్టాను. సరిగ్గా అప్పుడే సేట్ వచ్చాడు.

"కొత్తది సతాయిస్తాందా? అయితె వాపస్ ఇద్దాం," అంటూ తనే స్విచ్ వేశాడు. అది చటుక్కున వెలిగింది. "మంచిగనే ఉంది గదా భాయ్?"

నా అబద్ధం బయటపడింది. ఇక తాత రాడు, సంత కూడా ఆదివారం లాగే అయిపోతుందనుకున్నాను. తాత మాత్రం స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

"మిషిన్‌కు ఏ రోగం లేదని నాకెప్పుడో ఎర్కే సేటూ. కొత్త గొర్రె గీ పిలగాడు. రెండు చాయ్ చెప్పు."

సేట్ నా వైపు తిరిగాడు. "మూడు చెప్పు," అని తనూ కూర్చున్నాడు.

ఇప్పుడు చిట్యాలలో నాకే ఒక దుకాణం ఉంది. తాత పోయాడు, ఆయన పేరు మాత్రం ఆ తెర మీదికి రాలేదు. సేట్‌ను అడిగి తెచ్చుకున్న ఆ పాత డబ్బా, వైరు కూడా లేకుండా, నా కొత్త కంప్యూటర్ పక్కన కూర్చుని ఉంది. ఇదెందుకని అడిగినవాళ్ళకు స్టూలు చూపించి, "జర కూసో, చెప్త," అంటాను. ఇంత వయసొచ్చినా మనిషిని కూర్చోబెట్టడానికి నాకు ఇంకా కంప్యూటరే సాకు.