చిన్నమ్మ విన్న హెవీ మెటల్

పోయిన మంగళవారం పొద్దున పోచంపల్లి నుంచి మా బడికి ఫోనొచ్చింది. చిన్నమ్మ పోయిందని చెప్పారు. మహబూబ్‌నగర్ నుంచి బస్సులు మారి నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆమె మా అమ్మకు చెల్లెలు. నేతపని ఇంట్లో ముప్పై ఏళ్ళు ఆసు పోసింది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందుగా చెవిలో మోగేది ఒక ఇంగ్లీషు హెవీ మెటల్ ఆల్బం. నవ్వుకోండి, పరవాలేదు. బస్సులో ఏడుస్తూ నేనూ నవ్వాను.

ఆ కేసెట్ నాది. ఎనభైల చివర్లో, నల్లగొండ బస్టాండు దగ్గర పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణంలో చేయించుకున్నాను. అట్ట మీద ఏం రాయాలో తోచక దుకాణపాయన "ఇంగ్లీషు, గట్టివి" అని రాసిచ్చాడు. నేను ఇంటర్ తప్పిన ఏడాది అది. లెక్కల్లో పోయింది. బాపు నేరమంతా ఆ కేసెట్ మీద వేశాడు. "ఆడపిల్ల వినే పాటలా గివి? ఎవన్నో గొంతు పిసుకుతున్నట్టున్నది" అని, పుస్తకాల సంచితో సహా నన్ను ఎండాకాలమంతా చిన్నమ్మ ఇంట్లో ఉండమని పంపాడు. కేసెట్ ఆ సంచి అడుగునే ఉంది.

ఆసు చూడనివాళ్ళకు కాస్త చెప్పాలి. అదొక చట్రం. ఒకవైపు ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా బోలెడు మేకులు. పోగు పట్టుకున్న చెయ్యి వాటి మధ్య పోతూ వస్తూ ఉండాలి, ఒక్క చీరకే వేలసార్లు. ఆ పోగులకే రంగు అంటకూడని చోట్ల బిగించి చిటికి కట్టి, రంగులద్ది, మగ్గం మీద నేస్తారు. పోగుల లెక్క తప్పితే పువ్వు తప్పుతుంది. మా చిన్నమ్మ లెక్కకు వాడకట్టంతా పేరుంది. కొత్తగా వచ్చిన కోడళ్ళకు ఆసు నేర్పాలంటే ఆమె దగ్గరికే పంపేవారు. సాయంత్రానికి మాత్రం ఆమె కుడిభుజం పట్టేసేది. అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడానికే తిప్పలు పడేది.

చిన్నాయిన నూలుకని బయటికి పోయిన ఒక మధ్యాహ్నం నేను వాళ్ళ టేప్‌రికార్డరులో కేసెట్ చిన్నగా పెట్టుకున్నాను.

"జర పెంచు బిడ్డా" అంది చిన్నమ్మ.

పెంచాను. కాసేపటికి చూస్తే ఆమె చెయ్యి డ్రమ్ముతో పాటు పోతూ వస్తూ ఉంది.

"వీడు ఎవనిమీదనో మస్తు కోపంగున్నడు" అంది. "అయినా పని ఇడిశిపెడ్తలేడు సూడు. ఎనక డప్పు కొట్టెటోడు ఒక్క దెబ్బ తప్పుతలేడు."

నేను అప్పటిదాకా అందులో అరుపులే విన్నాను. ఆ ఆల్బం నాకు ఇవ్వాళ్టికీ పాతబడలేదంటే ఆమె చెప్పిన ఆ మాటే కారణం. పైన ఎంత రభస జరుగుతున్నా, కింద ఒకరు ఓపిగ్గా పనిచేసుకుంటూ ఉంటారు. వాళ్ళను వినడం మొదలుపెట్టాక ఆ పాటలకు విసుగు రాదు.

నెల తిరిగేసరికి కేసెట్ ఆమెదైపోయింది. నోటితో లెక్కపెట్టడం కూడా మానేసింది. దెబ్బకో పోగు. మూడో పాట అయ్యేసరికి ఒక వరస పువ్వులకు సరిపడా పోగులు పడేవి. "లెక్క వాడు పెడ్తున్నడు, నాకు ఫికర్ లేదు" అనేది. భుజం సంగతి ఎత్తడమే తగ్గించింది.

ఒకరోజు ఆమె నీళ్ళకు పోయినప్పుడు టేప్‌రికార్డరు రీలును నమిలేసింది, సరిగ్గా ఆ మూడో పాట దగ్గర. నలిగిన రెండు బారల రీలును కత్తెరతో కోసి, కొసలు రెండూ సెలోటేపుతో అతికించి, ఏమీ ఎరగనట్టు పెట్టేశాను. పాటలో ఒక నిమిషం పోయింది. చెబితే సంగతి మళ్ళీ బాపుదాకా పోతుందని నా భయం. ఆ వారం ఆమె ఆసు పోసిన చీర మగ్గం మీద సగం అయ్యాక బయటపడింది. ఒక వరస పువ్వులు పొట్టిగా వచ్చాయి.

చిన్నాయిన మగ్గం ఆపి ఆమెను పిలిచాడు. "ఇరవై ఏండ్లల్ల ఒక్కసారి లెక్క తప్పలె నువ్వు. గిదేంది?"

ఆమె పువ్వుల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నా వైపు చూసింది. "నేనే తప్పిన" అంది.

టేప్‌రికార్డరు పాటల వల్లే పరాకైందని అటకెక్కింది. చిన్నమ్మ మళ్ళీ నోటితో లెక్కపెట్టుకుంటూ, భుజం పిసుక్కుంటూ ఆసు పోసింది. కొత్త కోడళ్ళు వేరే ఇంటికి పోయి నేర్చుకోసాగారు. నేను మాత్రం నోరు విప్పలేదు. పరీక్ష పాసై, సిగ్గు లేకుండా లెక్కల టీచరునే అయ్యాను. తప్పు చేస్తే ఒప్పుకోవాలని పిల్లలకు పన్నెండేళ్ళు చెప్పాను.

పోయిన దసరా సెలవుల్లో ఆమె మంచం పట్టిందని తెలిసి, హైదరాబాదులో అసలు కేసెట్ వెతికి కొనుక్కుని వెళ్ళాను. చిన్నాయిననూ దగ్గర కూర్చోమన్నాను. ఇద్దరి ముందూ రీలు కోసిన సంగతి చెప్పేశాను.

చిన్నాయిన ఆమె వైపు తిరిగాడు. ఆమెనే అడిగాడు. "నీకెరుకేనా?"

"పాట పొట్టిగైన సంగతి చేతికి తెల్వదా? అప్పుడు నేనే పరాకుగున్ననేమో అనుకున్న. పువ్వు చూసినంక సమజైంది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"పిల్లనే చెప్తదని చూసిన. చెప్పింది గద."

అటక మీది టేప్‌రికార్డరును చిన్నాయినే దించి, దుమ్ము తుడిచి తెచ్చాడు. మూడో పాట పెట్టాను. నేను కోసేసిన చోటు వచ్చింది. పాడేవాడు ఆగిపోయి, గిటారు ఒక్కటే సాగుతోంది, కింద డ్రమ్ము.

"గీ ముక్కనేనా నువ్వు కోసింది?" అంది చిన్నమ్మ.

"అవును చిన్నమ్మా."

"మంచిగనే ఉన్నది గదనే."

ఆమె కళ్ళు మూసుకుని వింటోంది. కుడిచెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. పక్కన చిన్నాయిన తల వంచుకుని, మంచం పట్టె మీద వేలితో కొడుతూ, పెదవులు కదుపుతూ, ఆ నిమిషంలోని దెబ్బలన్నీ ఒక్కొక్క పోగుగా లెక్కపెడుతున్నాడు.