అటెండెంట్ అన్న చోట

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడు వానాకాలంలో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్‌కు బదిలీ చేశారు. అక్కడి ఒక ఆసుపత్రిలో ఆడవాళ్ల ఎముకల వార్డుకు నేను హెడ్ నర్సుని. బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. డ్యూటీలో తప్ప నాతో మాట్లాడేవాళ్లు లేరు. కొన్ని ఆదివారాలు ఒక్క మాటైనా పలక్కుండానే గడిచిపోయేవి.

ఆ ఆగస్టులో సాలి అనే ముసలామె వార్డులో చేరింది. తండా మనిషి. పొలం గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ కాగితాల మీద రోగి వేలిముద్రతో పాటు అటెండెంట్ సంతకం కూడా ఉండాలి. అది ఊరికే పెట్టిన నియమం కాదు. రక్తం కావాల్సి వస్తే పరుగెత్తడానికి, తర్వాత లేపి నడిపించడానికి మనిషి ఉన్నారో లేదో డాక్టర్‌కు తెలియాలి.

సాలి కాగితంలో ఆ చోటు ఖాళీగా ఉంది. రెండుసార్లు ఆపరేషన్ వాయిదా పడింది. ఆ వయసులో మంచానికే అతుక్కుపోతే వీపున పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుంది. అది తెలిసి కూడా, రోజూ వెళ్లి "అటెండెంట్ ఎవరు?" అని అడగడం తప్ప నేనేమీ చేయలేదు.

మూడో రోజు ఆమే నన్ను అడిగింది. "గా మాటకు అర్థమేంది బిడ్డా?"

"నీ వెంట వచ్చినోళ్లు అవ్వా."

"నా వెంట ఎవ్వలు రాలె. 108 బండి తెచ్చింది. బిడ్డ పట్నం పనికి పోయింది. ఫోన్ కలుస్తలేదు."

ఆ సాయంత్రం గదికి వెళ్లి, నర్సింగ్ చదివేటప్పుడు కొన్న ఇంగ్లీషు నిఘంటువు తీశాను. ఆ మాట మూలం లాటిన్‌లో ఉందట. ఒక వైపుకు చాచడం, అంటే మనసును అటు మళ్లించడం. ఫ్రెంచిలో అది ఎదురుచూడటం అయింది. ఇంగ్లీషులో దగ్గరుండి చూసుకోవడం. మన దగ్గర ఆఫీసులో ఫైళ్లు మోసే మనిషి అటెండర్, బడిలో పిలిస్తే పలకడం అటెండెన్స్. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేను మాత్రం దాన్ని 'సంతకం పెట్టే మనిషి' అన్న అర్థంలోనే వాడాను.

మర్నాడు సూపరింటెండెంట్ గారిని కలిశాను. డ్యూటీలో ఉన్న సిబ్బంది రోగి తరఫున సంతకం చేయకూడదన్నారు, సెలవులో ఉంటే అభ్యంతరం లేదన్నారు. వారం సెలవు పెట్టాను. కాగితంలో నా పేరు రాశాను. బంధుత్వం అన్న చోట ఏం రాయాలో తోచక 'తెలిసినవారు' అని రాశాను.

థియేటర్ బయట బెంచీ మీద రెండు గంటలకు పైగా కూర్చున్నాను. అంతవరకు ఆ తలుపుకు లోపలివైపే ఉన్నదాన్ని. బయట గడియారం లేదని, తలుపు కదిలినప్పుడల్లా అందరూ లేచి నిలబడతారని అప్పుడే చూశాను. నాకే ఇటువంటిది వస్తే ఎవరి పేరు రాయాలా అని ఆలోచించాను. పెళ్లి చేసుకోలేదు, ఉన్న ఒక్క అన్న పోయాడు. ఏ పేరూ తట్టలేదు. జూనియర్ సిస్టర్ తలుపు తీసి "సాలి అటెండెంట్ ఎవరు?" అని పిలిచింది. నన్నేనని తెలిసి లేవడానికి కాస్త సమయం పట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. వార్డులో సాలి కళ్లు తెరిచి నా రంగు చీర చూసింది. "ఇయ్యాల డ్యూటీ లేదా బిడ్డా?"

"లేదవ్వా. నీ కోసమే వచ్చిన."

ఆమె నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

నా సెలవులో ఐదో రోజు, ఎట్టకేలకు ఫోన్ కలవడంతో కూతురు వచ్చింది. "యాడీ" అని తల్లిని పిలుస్తూ మంచం పక్కన కూలబడింది. వాళ్లిద్దరూ తమ భాషలో మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మందుల చీటీ ఆమెకు ఇచ్చి, ఏది ఎప్పుడు వేయాలో చెప్పి గదికి వెళ్లిపోయాను. మిగిలిన సెలవు రద్దు చేసుకుని మర్నాడే డ్యూటీలో చేరాను.

తర్వాత భూపాలపల్లిలో పనిచేసినప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒంటరిగా వచ్చిన రోగి చేరిన గంటలోనే వాళ్ల ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసేదాన్ని, పక్క మంచం వాళ్లతో మాట్లాడేదాన్ని. చాలాసార్లు ఎవరో ఒకరు దొరికారు. కొన్నిసార్లు దొరకలేదు. అటెండెంట్ ఎవరని అడగడంతో నర్సు పని అయిపోదు, ఆ మనిషిని వెతకడం కూడా ఆమె పనే. శిక్షణలో ఇది మాకెవరూ చెప్పలేదు.